బాహుదా ఇసుక దిబ్బపై పడవ రాత్రి ఎలా తేలిపోయింది: సమాధానం

ఒడిశాలో బాహుదా నది సముద్రంలో కలిసే చోట, విదియ నాడు సాయంత్రం నాలుగున్నరకు ఇసుక దిబ్బపైకి లాగి ఉంచిన పడవ రాత్రి పదకొండుకు తేలిపోయిందని, గుడారంలోకి నీరు వచ్చిందని రాశారు. మీరు దిగినది పాటు వేళ, అంటే సముద్రపు నీరు బాగా వెనక్కి తగ్గిన వేళ కావచ్చు. అక్కడి నుంచి సుమారు ఆరు గంటల పన్నెండు నిమిషాలకు పోటు నిండుతుంది, అంటే నీరు పూర్తిగా పైకి వస్తుంది. పైగా పౌర్ణమి, అమావాస్యలు దాటిన ఒకటి రెండు రోజులకే పోటు అత్యధికంగా ఉంటుంది.

1. చాలామంది వదిలేసే పని ఇదే: దిగగానే సామాను దించకుండా, నీరు తెచ్చి వదిలిన చెత్త గీతలను వెతకండి. తడిగా ఉన్న కింది గీత నేటి పోటుది మాత్రమే కనుక, దానికి పైన ఎండిపోయిన పాత గీతను గుర్తించి, దానికీ ఎగువనే గుడారం వేయాలి. ఇసుకపై పాకే బాలబందితీగ వంటి మొక్క ఒక్కటీ లేని దిబ్బ పడుకునే చోటే కాదు.

2. సామాను దించిన పడవ తక్కువ నీటిలోనే తేలుతుంది. లంగరును ఆ పాత గీతకు ఎగువన ఇసుకలో లోతుగా పాతి, తాడును కొంత వదులుగా కట్టండి.

3. ఈసారి అష్టమి దాటిన మరునాడు వెళ్లండి; అప్పుడు పోటు తక్కువగా ఉంటుంది.

ఒడిశాలోనే ఉన్న ఋషికుల్య నది ముఖద్వారం వద్ద మాత్రం తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో రాత్రి బస వద్దు.