పిల్లలున్న ఇంటికి ఏ కుక్క? ముందు దాని తల్లిని చూడండి

సంక్రాంతికి కావలి వచ్చినప్పుడు మా తమ్ముడి ఎదురింటి కోడలు ఒక సాయంత్రం వచ్చి కూర్చుంది. వాళ్లాయన ఏడాది కిందటే డాలస్ వెళ్లాడు. నెలాఖరుకు తనూ, ఎనిమిదేళ్ల కొడుకూ, మూడేళ్ల కూతురూ బయలుదేరుతున్నారు. పచ్చళ్లు ఎన్ని కేజీలు తీసుకెళ్లొచ్చు, స్కూల్లో చేర్చడానికి ఏ కాయితాలు కావాలి అని అడుగుతుందనుకున్నాను.

"అక్కా, పిల్లలకి కుక్కని కొనిపెడతానని వాళ్ల నాన్న మాటిచ్చేశాడు. హస్కీ బాగుంటదా, లాబ్రడార్ బాగుంటదా?" అంది. ఫోనులో నీలి కళ్ల హస్కీ పిల్ల ఫొటో చూపించింది.

ఆ ఫొటో చూడగానే నాకు మనసులో కలుక్కుమంది. 2011లో నేనూ అలాంటి ఫొటో చూసే తెచ్చుకున్నాను. ఆ రోజు ఆమెకు చెప్పిన మాటలే కొత్తగా వెళ్లేవాళ్ల కోసం ఇంకొంచెం వివరంగా రాస్తున్నాను.

అప్పటికి మేం టెక్సస్‌లో సొంతిల్లు కొని ఏడాది. ఇంటర్నెట్‌లో ప్రకటన చూసి ఫోన్ చేస్తే, అమ్మే మనిషి ఇంటికి రావద్దని, ఒక షాపు పార్కింగ్‌లో కలుద్దామని అన్నాడు. డబ్బిచ్చి పిల్లను ఒళ్లో పెట్టుకుని వచ్చేశాం. దాని తల్లి ఎక్కడుంది, ఎలా ఉంది అని అడగాలని కూడా తోచలేదు. హస్కీ అంటే సైబీరియా మంచులో బండ్లు లాగడానికి పెంచిన జాతి. రోజూ మైళ్లకొద్దీ పరుగెత్తితే గానీ దాని ఒళ్లు అలవదు. మా ఊళ్లో ఎండాకాలం 40 డిగ్రీలు. మేమిద్దరం పొద్దున పోతే సాయంత్రానికి వచ్చేవాళ్లం. అది ఒంటరిగా ఉండలేక సోఫా చింపేది, ఊళ పెట్టేది, కంచె దూకి పారిపోయేది. మా బాబుకు అప్పుడు మూడేళ్లు. వాడి చేతిలో బిస్కట్ కనిపిస్తే మీదికి ఎగిరేది. రెండోసారి పడ్డప్పుడు వాడి పెదవి చిట్లింది. పదకొండు నెలలకు, ఆ జాతి కుక్కలకు ఇళ్లు వెతికిపెట్టే స్వచ్ఛంద సంస్థ ద్వారా పెద్ద స్థలం ఉన్న కుటుంబానికి ఇచ్చేశాం. మా పాప వారం పాటు సరిగా అన్నం తినలేదు. కుక్క చేసిన తప్పేమీ లేదు. దానికి సరిపడని ఇంటికి మేం తెచ్చాం.

మనం ఒంగోలు గిత్తలు పుట్టిన నేల మీద పెరిగినవాళ్లం. ఇక్కడి పశువులు సముద్రం దాటి బ్రెజిల్ వెళ్లి, అక్కడ మన నెల్లూరు పేరుతోనే 'నెలోర్' జాతిగా కోట్ల సంఖ్యలో పెరిగాయి. జాతి అంటే ఏమిటో మనకు ఒకరు నేర్పనక్కర్లేదు. మా తాత దూడను కొనాలంటే ముందు తల్లి ఆవును బయటికి తోలుకురమ్మనేవాడు. నడక చూసేవాడు, మూపురం మీద చెయ్యి వేసేవాడు, కొత్త మనిషి దగ్గరికి పోతే బెదురుతుందా, కొమ్ము విసురుతుందా, నిమ్మళంగా నిలబడుతుందా అని చూసేవాడు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? దూడకు అంత చూసే ఇంట్లో పుట్టిన నేను, పిల్లల మధ్య తిరగాల్సిన కుక్కకు ఏమీ చూడలేదు.

కాబట్టి కుక్కపిల్లను కొనేటట్టయితే అమ్మేవాళ్ల ఇంటికే వెళ్లండి. తల్లి దగ్గర పిల్లలు ఉండగా చూడండి. తల్లి మిమ్మల్ని చూసి తోక ఊపుతూ వస్తుందా, మూలకు ముడుచుకుంటుందా, పళ్లు చూపిస్తుందా? ఎనిమిది వారాలు నిండకముందే పిల్లను ఇస్తామంటే తీసుకోవద్దు. తల్లి దగ్గర, తోటి పిల్లల దగ్గర ఆడుకుంటూనే అది ఎంత గట్టిగా కొరకకూడదో నేర్చుకుంటుంది. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్లలో తుంటి కీళ్ల జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది. తల్లిదండ్రుల తుంటికి ఎక్స్‌రే తీయించి, ఓఎఫ్ఏ అనే అమెరికన్ సంస్థ పరిశీలించి ఇచ్చిన సర్టిఫికెట్ చూపించమనండి. మంచి బ్రీడర్ (కుక్కల్ని పెంచి అమ్మేవాడు) అయితే సంతోషంగా చూపిస్తాడు, పైగా మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారని వంద ప్రశ్నలు వేస్తాడు. ఇంగ్లండ్ వెళ్లేవాళ్లకు ఈ విషయంలో చట్టమే అండగా ఉంది. 2020 నుంచి అక్కడ ఆరు నెలల లోపు పిల్లల్ని దళారులు, పెట్ షాపులు అమ్మకూడదు. పెంచినవాళ్ల దగ్గరే, తల్లితో పాటు చూసి కొనుక్కోవాలి.

ఇక జాతుల సంగతి. లాబ్రడార్, గోల్డెన్ పిల్లలకు మంచివని అందరూ చెప్పేది ఊరికే కాదు. వేటలో కొట్టిన పక్షిని నలగకుండా నోట కరుచుకుని యజమానికి తెచ్చివ్వడానికి పెంచిన జాతులు అవి. మనిషి చెప్పింది వినడం, నోరు మెత్తగా ఉంచుకోవడం తరతరాలుగా వచ్చిన గుణం. కానీ లాబ్రడార్ 30 కేజీలు దాటి కూడా పెరుగుతుంది, రెండేళ్ల దాకా అంత ఒంట్లోనూ పసితనం పోదు. ప్రేమతోనే మీ మూడేళ్ల పాపను పడేస్తుంది. వెంట్రుకలు రాలని రోజు ఉండదు. పూజ గదిలో, పప్పు డబ్బా మూత మీద, అన్నిచోట్లా కనిపిస్తాయి. ఇంట్లో అత్తగారికో అమ్మకో ఆ పట్టింపు ఉంటే ముందే మాట్లాడుకోండి.

బీగిల్ చిన్నది, పది పన్నెండు కేజీలు, పిల్లలతో అలుపు లేకుండా ఆడుతుంది. అయితే వాసన తగిలితే పిలిచినా రాదు. గొంతు పెద్దది, అపార్ట్‌మెంట్‌లో పక్కవాళ్లు ఫిర్యాదు చేస్తారు. పూడుల్ చాలా తెలివైనది, వెంట్రుకలు తక్కువ రాలతాయి, కానీ కొన్ని వారాలకోసారి కత్తిరింపుకు డబ్బు పోయాలి. కవలియర్ అనే చిన్న స్పానియల్ ఎంతో సాధువు, ఆ జాతికి గుండె జబ్బు బెడద ఎక్కువ. ఫ్రెంచ్ బుల్‌డాగ్ మీద ఇప్పుడు మోజు ఎక్కువ. జాతి కుక్కల్ని నమోదు చేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్ జనాదరణ లెక్కల్లో 31 ఏళ్లు మొదటి స్థానంలో ఉన్న లాబ్రడార్‌ను 2022లో అది దాటేసింది. చప్పిడి ముక్కు వల్ల దానికి ఊపిరి కష్టం, ఎండకు అసలు తట్టుకోదు. టెక్సస్, అరిజోనా వెళ్లేవాళ్లు దాన్ని వద్దనుకోవడమే మంచిది. బోర్డర్ కోలీ లాంటి గొర్రెలు కాసే కుక్కలు పరుగెత్తే పిల్లల్ని కూడా మందలాగే తోలబోతాయి, మడమలు కొరుకుతాయి. చివావా అతి చిన్న కుక్క, మరీ సుకుమారం, మూడేళ్ల పిల్ల ఎత్తి జారవిడిస్తే దాని కాలు విరుగుతుంది.

"మా బాబుకి డస్ట్ అలర్జీ, డూడుల్ తెచ్చుకుంటే రాదంట" అంది ఆమె. పూడుల్‌తో కలిపి పుట్టించిన కుక్కల్ని డూడుల్ అంటారు. చాలామంది ఇదే నమ్ముతారు. అలర్జీ తెచ్చేది అసలు వెంట్రుక కాదు, కుక్క ఉమ్మి, చర్మం పొట్టు. అవి లేని కుక్క లేదు. కొనేముందు ఆ కుక్కతోనే పిల్లవాణ్ణి రెండు మూడుసార్లు గంటసేపు గడపనిచ్చి చూడాలి, డాక్టర్నీ అడగాలి.

ఇంత చెప్పాక ఒక మాట కూడా చెప్పాలి. 18,000 పైచిలుకు కుక్కల మీద చేసిన ఒక పరిశోధన 2022లో సైన్స్ పత్రికలో వచ్చింది. కుక్కకూ కుక్కకూ మధ్య ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమేనట. మిగతాది ఆ కుక్క సొంత స్వభావం, పెరిగిన తీరు. అందుకే మీ ఇంట్లో ఐదేళ్ల లోపు పిల్లలుంటే కుక్కపిల్ల కంటే రెండు మూడేళ్లు నిండిన కుక్క మేలని నా గట్టి నమ్మకం. దాని స్వభావం అప్పటికే తెలిసిపోతుంది. హస్కీని ఇచ్చేసిన రెండేళ్లకు మేం దిక్కులేని కుక్కల్ని చేరదీసే షెల్టర్ నుంచి నాలుగేళ్ల లాబ్రడార్ కలగలుపు కుక్కను తెచ్చుకున్నాం. పిల్లలతో ఎలా ఉంటుందో అక్కడి వాలంటీర్లు ముందే చెప్పారు, మా పిల్లలతో ఆడించి చూపించారు. తొమ్మిదేళ్లు మాతో ఉంది. మా బాబు స్కూల్ హోంవర్కు అంతా దాని వీపుకు ఆనుకునే చేశాడు.

వెళ్లిన మొదటి ఏడాది మాత్రం కుక్క వద్దు. అద్దె ఇల్లు, మారే ఉద్యోగం, వీసా టెన్షన్, కారు కూడా ఒకటే. లీజు కాయితం చదవండి: కుక్కకు వేరే డిపాజిట్, నెలనెలా పెట్ రెంట్, బరువు పరిమితి ఉంటాయి. జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్, పిట్‌బుల్ లాంటి జాతుల్ని చాలా అపార్ట్‌మెంట్లు ఒప్పుకోవు, కొన్ని ఇంటి ఇన్సూరెన్సులూ ఒప్పుకోవు. దాచిపెట్టి పెంచితే ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుంది. నెల రోజులు ఇండియా వస్తే కుక్కను చూసుకునే బోర్డింగ్‌కు రోజు లెక్కన కట్టాలి. ఉండబట్టలేకపోతే ఫోస్టరింగ్ చేయండి. లీజు ఒప్పుకుంటే, షెల్టర్ వాళ్లు కొన్ని వారాలకు కుక్కను మీ ఇంటికి ఇస్తారు, వైద్యం ఖర్చు సాధారణంగా వాళ్లే పెట్టుకుంటారు. పొద్దున్నే లేచి తిప్పేదెవరో ఆ కొద్ది రోజుల్లో తేలిపోతుంది.

పిల్లలకు కూడా కొన్ని కొత్తగా నేర్పాలి. ఇక్కడ ట్రంకు రోడ్డు మీద కుక్క కనిపిస్తే పరుగెత్తడమో, రాయి తీయడమో అలవాటు. అక్కడ ఆ రెండూ పనికిరావు. యజమానిని అడగకుండా ముట్టుకోకూడదు. మెడ చుట్టూ వాటేసుకోకూడదు. తింటున్నప్పుడూ, నిద్రపోతున్నప్పుడూ కదిలించకూడదు. కొత్త కుక్క మీదికి వస్తే చేతులు దగ్గరికి పెట్టుకుని చెట్టులా నిలబడిపోవాలి. ఎంత మంచి కుక్కయినా సరే, మూడేళ్ల పిల్లను దానితో ఒంటరిగా వదలొద్దు. కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మన వంటింటి సంగతి ఇంకొకటి. ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, పాయసంలోని కిస్మిస్, చాక్లెట్ కుక్కకు విషం. చేపల పులుసు అన్నం కలిపి పెడితే ముల్లు గొంతులో దిగుతుంది. ఆరు నెలలు ఉండటానికి వచ్చే అమ్మ ప్రేమ కొద్దీ తన కంచంలోది పెడుతుంది. ఆమె దిగిన రోజే నెమ్మదిగా చెప్పండి.

ఇదంతా వింటూ కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్లవాడు అప్పుడు నోరు విప్పాడు. "మరి మన బుజ్జిగాడిని తీసుకుపోతే?" అన్నాడు. వాళ్ల అరుగు కింద పడుకునే వీధి కుక్క, రోజూ వీడే అన్నం పెడతాడు. వాళ్లమ్మ నవ్వబోయింది గానీ నేను వాడికి నిజమే చెప్పాను. 2024 ఆగస్టు నుంచి అమెరికాకు వచ్చే కుక్కకు ఆరు నెలలు నిండాలి, చర్మం కింద గుర్తింపు మైక్రోచిప్ ఉండాలి. మన దేశం రేబీస్ ఎక్కువున్న దేశాల జాబితాలో ఉంది గనుక టీకా కాయితాలు ప్రభుత్వ పశువైద్యుడు ధ్రువీకరించాలి, రక్త పరీక్ష ఫలితం కావాలి, లేదంటే అక్కడ 28 రోజుల క్వారంటైన్. దిగేది కూడా వాళ్లు చెప్పిన కొన్ని విమానాశ్రయాల్లోనే. నెలాఖరుకు కుదిరే పని కాదు.

వాడు కాసేపు ఆలోచించి, లోపలికెళ్లి వాళ్ల తాతను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. బుజ్జిగాడికి పొద్దున ఎంత, రాత్రి ఎంత, ఏ గిన్నెలో పెట్టాలో ఒక్కొక్కటీ చూపిస్తుంటే, ఆయన కళ్లద్దాలు సర్దుకుని వింటున్నారు.