బ్రౌన్ బెల్టు అమ్మాయి అంతర్జాతీయ కరాటే పోటీలకు వెళ్లాలంటే ఏం చూసుకోవాలి?

పదమూడేళ్ల అమ్మాయి, బ్రౌన్ బెల్టు, హైదరాబాద్‌లో జరిగిన ‘ఇంటర్నేషనల్’ టోర్నీల్లో పతకాలు వచ్చాయి, దీన్నే కెరీర్‌గా ఎంచుకోవచ్చా అని అడిగారు. ఎంచుకోవచ్చండీ. కాకపోతే ముందు ఆ పతకాలు ఏ సంఘానివో చూడండి.

పొరుగు దేశం నుంచి ఒక్క జట్టు వచ్చినా పోస్టర్ మీద ఇంటర్నేషనల్ అని వేసేస్తారు. ఆసియా క్రీడలకు, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు తీసుకెళ్లే దారి మాత్రం ప్రపంచ కరాటే సమాఖ్య, అంటే డబ్ల్యూకేఎఫ్‌ది. జిల్లా, రాష్ట్రం, జాతీయ సెలెక్షన్లు, తర్వాత ఆసియా. మన దేశంలో సంఘాల గొడవల వల్ల గుర్తింపు చేతులు మారింది కూడా. అందుకే ఎవరి మాటా నమ్మకుండా డబ్ల్యూకేఎఫ్ వెబ్‌సైట్‌లో భారత్ కింద ఏ సంఘం పేరుందో మీరే చూసి, మాస్టర్ గారి డోజో, అంటే శిక్షణ కేంద్రం, దాని రాష్ట్ర శాఖలో నమోదైందా అని అడగండి. నమోదు కాకపోతే పిల్ల ఎంత బాగా ఆడినా ట్రయల్స్‌కి పేరే వెళ్లదు. ఏళ్ల తరబడి కష్టపడిన పిల్లలు ఇక్కడే ఆగిపోతుంటే చూడలేం.

వయసు విభాగాలు ఇవీ: 14–15 క్యాడెట్, 16–17 జూనియర్, 18–20 అండర్ 21. సీనియర్ కుమితేకి (ప్రత్యర్థితో తలపడే పోటీకి) 18 నిండాలి, కటాకి (ఒంటరిగా వరుస కదలికలు చేసి చూపే పోటీకి) 16 చాలు. డబ్ల్యూకేఎఫ్ పోటీల్లో చిన్నవాళ్లకు యూత్ లీగ్, పెద్దయ్యాక సిరీస్ ఏ, ర్యాంకింగ్ పెరిగితే ప్రీమియర్ లీగ్. వీటికి ఎంట్రీ జాతీయ సంఘం ద్వారానే వెళ్తుంది. విమానం, వీసా, హోటల్ ఖర్చులు చాలాసార్లు ఇంటివాళ్లవే. ఏడాదికి ఒక్క విదేశీ పోటీని ఎంచుకుని, మిగతా డబ్బు మంచి శిక్షణకు పెట్టడం మేలు.

కటా, కుమితే రెండూ పదిహేనేళ్ల దాకా నడవనివ్వండి. తర్వాత ఒకటి తేల్చుకోవాలి. కటా వైపు వెళ్తే డబ్ల్యూకేఎఫ్ జాబితాలో 102 కటాలున్నాయి. రౌండు మారితే కటా మార్చాలి కాబట్టి రెండు మూడు బాగా వస్తే సరిపోదు.

కుమితే గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర శిక్షణ ఎక్కువగా దారి తప్పేది ఇక్కడే. చేతి దెబ్బకు ఒక పాయింటు, నడుము పైన శరీరానికి తగిలే కిక్‌కు రెండు, తలకు కొట్టే కిక్‌కైనా, ప్రత్యర్థిని పడేసి వెంటనే కొట్టే దెబ్బకైనా మూడు. సీనియర్లలో బౌట్ 3 నిమిషాలు, 8 పాయింట్ల ఆధిక్యం వస్తే అక్కడితో అయిపోతుంది. స్కోరు సమమైతే మొదటి పాయింటు తీసినవారికి దక్కే ఆధిక్యత, అంటే సెన్షు, పనికొస్తుంది. ఆఖరి 15 సెకన్లలో పారిపోతూ ఆడితే ఆ సెన్షు కూడా పోతుంది.

జడ్జిలు దెబ్బ బలం ఒక్కటే చూడరు. సరైన దూరం, వేగం, కొట్టాక కూడా చెదరని ధ్యాస కూడా చూస్తారు. వరసల్లో నిలబెట్టి జెంకుత్సులో (ముందు కాలు వంచి నిలబడే భంగిమలో) వందల పంచ్‌లు వేయిస్తే బెల్టు గ్రేడింగ్‌కి పనికొస్తుంది, ఇక్కడ కాదు. సాధారణంగా కనిపించే తప్పులు రెండు. పంచ్ తగలగానే చేతులు దించి రెఫరీ వైపు తిరగడం ఒకటి: పాయింటు రాదు, ఎదురుదెబ్బ పడుతుంది. ముందు కాలు నేలను తాకాక చెయ్యి కదలడం రెండోది: కిజామి జుకి (ముందు చేతి పంచ్) రాబోతోందని ఎదుటివాళ్లకు తెలిసిపోతుంది. దీనికి మందు పది సెకన్ల పూర్తి వేగం, అరనిమిషం విరామం, మళ్లీ అదే. లోపలికి వెళ్లడంతోపాటు బయటికి రావడమూ ప్రతిసారీ చేయించాలి.

దెబ్బ మీద అదుపు లేకపోతే ఎంత ప్రతిభ ఉన్నా లాభం లేదు. టోక్యో ఒలింపిక్స్‌లో 75 కిలోల పైబడిన పురుషుల ఫైనల్‌లో సౌదీకి చెందిన తారెగ్ హమేదీ 4–1తో ముందున్నాడు. అతని కిక్ తలకు గట్టిగా తగిలి ఇరాన్ ఆటగాడు సజ్జాద్ గంజ్‌జాదే స్పృహ తప్పాడు. హమేదీకి హాన్సోకు, అంటే అనర్హత వేటు, ఇచ్చారు, స్వర్ణం గంజ్‌జాదేకి వెళ్లింది. క్యాడెట్, జూనియర్లలో ముఖం మీద చేతి దెబ్బ విషయంలో నిబంధనలు ఇంకా కఠినం. కాబట్టి ముఖానికి కొట్టే పంచ్‌ని ఆపడం ఇప్పటినుంచే అలవాటు కావాలి.

సీనియర్ మహిళల బరువు విభాగాలు కిలోల్లో: 50, 55, 61, 68 లోపు, 68 పైన. ఎదిగే పిల్లను కింది విభాగంలో ఇరికించడానికి అన్నం మాన్పించకండి. నీళ్లు మానేసి తూకం గెలిచినవాళ్లు మూడో బౌట్‌కే కాళ్లు లేపలేరు. పతకం దాకా వెళ్లాలంటే ఒకే రోజు ఐదారు బౌట్లు ఆడాల్సి రావచ్చు. మొదటి బౌట్‌కు మూడు గంటల ముందు ఇడ్లీ, మధ్యలో అరటిపండు, కొంచెం కొంచెంగా నీళ్లు చాలు.

సామాన్ల విషయానికొస్తే, గ్లోవ్స్, షిన్ గార్డ్, ఫుట్ గార్డ్, బెల్టు ఎరుపులో ఒక సెట్టు, నీలంలో ఒక సెట్టు కావాలి. గ్లోవ్స్, గార్డులకు డబ్ల్యూకేఎఫ్ ఆమోద ముద్ర ఉండాలి. పళ్లకు రక్షణగా పెట్టుకునే గమ్ షీల్డ్ తప్పనిసరి. పళ్లకు క్లిప్పులుంటే డెంటిస్టు దగ్గరే అచ్చు తీయించండి. జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉంటే పోటీ రోజుల్లో డోపింగ్ కిందికి రావచ్చు. పేరు లేని ప్రోటీన్ పొడులు, బలం లేహ్యాలు అసలు వద్దు.

కరాటే టోక్యో తర్వాత ఒలింపిక్స్‌లో లేదు. పారిస్‌లో లేదు, 2028 లాస్ ఏంజెలెస్‌లోనూ ఉండదు. 1994 నుంచీ ఉన్న ఆసియా క్రీడలే మనకు పెద్ద వేదిక. అందుకని చదువు ఆపొద్దు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు ఉన్నాయి, తర్వాత కోచింగ్, రెఫరీ పరీక్షలు ఉన్నాయి. స్పోర్ట్స్ కోటా మీద ఆశ పెట్టుకునేముందు ఆ నోటిఫికేషన్‌లో కరాటే ఉందా, ఏ సంఘం సర్టిఫికెట్ చెల్లుతుంది, ఏ స్థాయి పోటీని లెక్కలోకి తీసుకుంటారు అన్నవి చదవండి. ఇప్పటి పతకాల సర్టిఫికెట్ల మీద సంఘం పేరు, రిజిస్ట్రేషన్ నంబరు రాసి పెడితే అవి ఎక్కడ చెల్లుతాయో చెప్పగలను.