వంటింటి గుడ్డ క్రోషేతో: మీ ప్రశ్నలు, మా జవాబులు

గిన్నెలు కడగడానికి, గట్టు తుడవడానికి పనికొచ్చే నూలు గుడ్డలు క్రోషేతో, అంటే కొక్కెం మొన ఉన్న ఒకే హుక్‌తో, ఇంట్లోనే అల్లుకోవాలని చాలామంది రాశారు. అందరివీ మొదటి గుడ్డలే కాబట్టి ప్రశ్నలు ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి. ఒకేలాంటివి కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: జనరల్ బజార్‌లో ఊలు అడిగి రెండు బంతులు తెచ్చుకున్నాను. గుడ్డ చక్కగానే వచ్చింది కానీ నీళ్లు అసలు పీల్చడం లేదు. నా అల్లికలో తప్పుందా? (తార్నాక)

అల్లికలో తప్పు లేదు, తప్పంతా దారానిది. మన దుకాణాల్లో ఊలు అని అడిగితే దాదాపు ఎప్పుడూ చేతిలో పెట్టేది యాక్రిలిక్. స్వెట్టర్లకు, బొమ్మలకు అది బాగుంటుంది. అది ప్లాస్టిక్ జాతి పోగు కాబట్టి నీటిని లోపలికి తీసుకోదు. వేడి మూకుడు పట్టుకుంటే కరిగి చేతికి అంటుకుంటుంది, అది మరీ ప్రమాదం. వంటింటికి నూరు శాతం కాటన్ మాత్రమే తీసుకోండి. ఊలు అనకుండా ‘క్రోషేకి కాటన్ నూలు’ అనే అడగండి.

బంతి మీద కాగితం లేకపోతే ఇంటికొచ్చాక చిన్న పరీక్ష చేయవచ్చు. జానెడు పోగు తెంపి, స్టీలు పళ్లెం మీద పట్టకారుతో పట్టుకుని, పక్కన నీళ్లు పెట్టుకుని వెలిగించండి. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వస్తుంది, మిగిలిన బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. యాక్రిలిక్ అయితే నల్లటి పొగ వచ్చి, చివర గట్టి పూసలా ముడుచుకుంటుంది. చల్లారకముందు ఆ పూసను ముట్టుకోకండి.

కాటన్‌లోనూ తేడాలున్నాయి. మెరుపు కోసం శుద్ధి చేసిన నిగనిగలాడే మెర్సరైజ్డ్ నూలు నునుపుగా ఉంటుంది, మరకను పట్టి లాగదు. గిన్నెలకు మెరుపు లేని మామూలు నూలే మేలు. రంగు వేయని కోర నూలు కూడా బాగుంటుంది కానీ దాని మీద సహజమైన మైనం ఉంటుంది. అల్లిన గుడ్డను లీటరు నీటికి చెంచాడు వాషింగ్ సోడా వేసి పావుగంట మరిగిస్తేగానీ అది నీళ్లు పీల్చదు. ఆ పని స్టీలు గిన్నెలో చేయండి. సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది.

మందం సంగతికొస్తే, కాగితం మీద 4 నుంచి 5 ఎం.ఎం. హుక్ సూచించిన మధ్యరకం నూలు చూసుకోండి. ఇరవై సెంటీమీటర్ల చదరపు గుడ్డకు సుమారు 40 నుంచి 50 గ్రాములు పడుతుంది. అంటే వంద గ్రాముల బంతికి రెండు గుడ్డలు. హుక్ 4.5 ఎం.ఎం.ది కొనండి. దుకాణంలో నంబరు చెప్పి అడిగితే ఒక్కో కంపెనీకి ఒక్కో లెక్క ఉంటుంది, అందుకే హుక్ మీద చెక్కిన ఎం.ఎం. చూసే కొనాలి.

గోదావరి జిల్లాల నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడిన ఒకరిద్దరు, ఇంట్లో నరసాపురం లేసు అల్లే సన్నటి సూది ఉంది, దానితో అవుతుందా అని అడిగారు. ఆ సూదీ ఆ సన్నదారమూ లేసు కోసమే. గుడ్డ అల్లితే నెల పడుతుంది, పైగా పలచగా వస్తుంది. దారం చాలా మిగిలి ఉంటే నాలుగైదు పోగులు కలిపి పట్టుకుని 4 ఎం.ఎం. హుక్‌తో అల్లి చూడండి.

ప్రశ్న: 30 కుట్లతో మొదలుపెడతాను, పది వరసలు దాటేసరికి 24 మిగులుతాయి. గుడ్డ పైకి పోను పోను సన్నబడుతోంది. (కూకట్‌పల్లి)

మొదటిసారి అల్లేవాళ్లలో ఎక్కువమందికి ఇదే జరుగుతుంది. కారణం కూడా ఒక్కటే: వరస చివరి కుట్టు కనిపించక వదిలేయడం. అల్లికను వెలుతురులో, కంటికి దగ్గరగా పట్టుకుని చూడండి. పై అంచున వరుసగా ‘వి’ ఆకారాలు పడుకుని ఉంటాయి. ఒక్కో ‘వి’ ఒక్కో కుట్టు. మధ్యలో ఉన్నవి స్పష్టంగా తెరుచుకుని ఉంటాయి. అంచున ఉన్న ఆఖరి ‘వి’ మాత్రం పక్క కుట్టు లాగడం వల్ల బిగుసుకుని, కాస్త వెనక్కి వాలి ఉంటుంది. అది ముడి అనుకుని అక్కడితో ఆపేస్తాం. అలా ఆపేసిన ప్రతి వరసలోనూ ఒకటి పోతుంది.

సింగిల్ క్రోషేలో, అంటే హుక్‌ను కుట్టులో దూర్చి దారం లాగి, మళ్లీ దారం తీసుకుని హుక్ మీది రెండు ఉచ్చుల్లోంచి లాగే కుట్టులో, నియమం ఇది. వరస మొదట ఎత్తు కోసం ఒక గొలుసు (హుక్ మీది ఉచ్చులోంచి దారం లాగితే వచ్చేది) వేసి తిప్పుతాం. ఆ గొలుసును కుట్టుగా లెక్కపెట్టకూడదు. తిప్పగానే మొట్టమొదటి ‘వి’లోనే, అంటే గొలుసు మొలిచిన చోటే, మొదటి కుట్టు పడాలి. ఆఖరి కుట్టు కింది వరసలోని మొదటి కుట్టు మీద పడాలి, దాని పక్కనున్న ఎత్తు గొలుసులో కాదు. చివరి కుట్టు వదిలితే గుడ్డ సన్నబడుతుంది. చివరి కుట్టు వేశాక ఎత్తు గొలుసులోనూ ఇంకోటి వేస్తే వెడల్పవుతుంది. చివరి కుట్టు వదిలి దాని బదులు ఎత్తు గొలుసులో వేస్తే లెక్క సరిపోతుంది, అంచు మాత్రం మెట్లుమెట్లుగా వస్తుంది.

మందు సులువే. ప్రతి వరసలో మొదటి కుట్టు వేయగానే దాని ‘వి’కి ఒక పిన్నీసు తగిలించండి. తిరిగి వచ్చేటప్పుడు ఆ పిన్నీసు ఉన్న కుట్టే మీ ఆఖరి కుట్టు. మొదటి పది వరసలు ప్రతి వరసా లెక్కపెట్టండి, తర్వాత మూడు వరసలకోసారి చాలు. తేడా వస్తే పైన ఎక్కడో ఒక కుట్టు కలిపేసి సర్దకండి, తేడా వచ్చిన వరస దాకా విప్పేయండి. క్రోషేలో ఒక్క ఉచ్చే హుక్ మీద ఉంటుంది కాబట్టి విప్పడం భయపడాల్సిన పని కాదు, దారం లాగితే వచ్చేస్తుంది.

మొదటి గుడ్డకు కొలత ఇలా పెట్టుకోండి. 31 గొలుసులు వేసి, హుక్ నుంచి రెండో గొలుసులో మొదటి సింగిల్ వేస్తే 30 కుట్లు వస్తాయి. ఎన్ని వరసలు అన్నది ముందే చెప్పలేం, మీ చేతి బిగువును బట్టి మారుతుంది. గుడ్డను మూలకు మూల కలిపి త్రికోణంగా మడవండి. పై అంచు పక్క అంచుతో సరిగ్గా కలిస్తే చదరం అయినట్టే, ఆపేయవచ్చు.

ప్రశ్న: కింది అంచు విల్లులా వంగిపోతోంది. పైగా గుడ్డ అట్టలా ఉంది, అరగంట అల్లేసరికి మణికట్టు నొప్పి. (మల్కాజిగిరి)

మూడూ బిగువు వల్లే. మొదటి గొలుసు బిగించి వేస్తే పైన కుట్లు వెడల్పుగా పరుచుకుంటాయి, కింద ఆ వెడల్పు ఉండదు, అందుకే వంపు. గొలుసు వరకు 5 ఎం.ఎం. హుక్ వాడి, మొదటి వరస నుంచి 4.5కి మారండి. అట్టలా ఉందంటే మొత్తం గుడ్డకే పెద్ద హుక్ కావాలి.

నొప్పి విషయంలో, ఎడమచేతి వేళ్లకు దారాన్ని రెండు మూడు చుట్లు చుట్టేస్తున్నారేమో చూడండి. కాటన్ సాగదు, ఊలులా బిగువును తనలో దాచుకోదు, ఆ బరువంతా చేతి మీదే పడుతుంది. చిటికెనవేలికి ఒక్క చుట్టు, చూపుడువేలి మీదుగా పైకి, అంతే. ఉచ్చు హుక్ సన్నని మెడ దగ్గర కాకుండా లావుగా ఉన్న కాడ మీదికి జారాకే తర్వాతి కుట్టు వేయండి. ఉచ్చు సైజు నిర్ణయించేది ఆ కాడే. ఇరవై నిమిషాలకోసారి చేతులు విదిలించి విశ్రాంతి ఇవ్వండి. నొప్పి రోజులకొద్దీ ఉంటే అల్లిక ఆపి డాక్టరుకు చూపించాలి.

ప్రశ్న: ఒక నమూనాలో సింగిల్ అని ఉన్నదే ఇంకో దానిలో డబుల్ అంటున్నారు. ఏది సరి? (అల్వాల్)

రెండూ సరే. అమెరికా వాళ్లు సింగిల్ అనేదాన్ని ఇంగ్లండ్ వాళ్లు డబుల్ అంటారు. అమెరికా డబుల్ ఇంగ్లండ్‌లో ట్రెబుల్. నమూనాలో ‘సింగిల్ క్రోషే’ అన్న మాట ఎక్కడైనా కనిపిస్తే అది అమెరికా పద్ధతి, ఇప్పటి ఇంగ్లండ్ పద్ధతిలో ఆ పేరు వాడరు. ఈ శీర్షికలో మేం అమెరికా పేర్లే వాడుతున్నాం.

ప్రశ్న: వానాకాలంలో గుడ్డ రెండు రోజులకే వాసన. అల్లినవి మానేసి మళ్లీ స్పాంజికే వెళ్లాలా? (దిల్‌సుఖ్‌నగర్)

వెళ్లనక్కర్లేదు. తడి ఆరకపోతే స్పాంజి కూడా అలాగే కంపు కొడుతుంది. వంటింటి గుడ్డ మంచిదా కాదా అన్నది అది ఎంత అందంగా ఉందన్న దాని మీద కాదు, ఎంత త్వరగా ఆరుతుందన్న దాని మీద తేలుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా హైదరాబాదులో, అందులోనూ ఎండ తగలని ఫ్లాట్ బాల్కనీలో, దట్టమైన సింగిల్ క్రోషే గుడ్డ ఒక్క రాత్రిలో ఆరదు. ఎత్తుపల్లాల గళ్లతో వచ్చే మందపాటి వాఫిల్ కుట్టు అయితే ఇంకా కష్టం, ఫొటోల్లో బాగుంటుంది కానీ గళ్లలో తడి ఉండిపోతుంది.

అందుకే మొదటి గుడ్డ తర్వాత మాస్ కుట్టుకు వెళ్లమని మా సలహా. ఒక సింగిల్, ఒక గొలుసు, మళ్లీ సింగిల్, ఇంతే దాని పని. గొలుసు ఉన్న చోట సన్నటి సందు ఉంటుంది, గాలి ఆడుతుంది. కొత్తవాళ్లకు ఇంకో లాభం ఉంది: ‘వి’ని వెతికి పొడవనక్కర్లేదు, హుక్ ఆ సందులోకి దూరిపోతుంది.

32 గొలుసులు వేయండి. హుక్ నుంచి నాలుగో గొలుసులో ఒక సింగిల్. తర్వాత ఒక గొలుసు వేసి, కింద ఒక గొలుసు వదిలి, దాని పక్కదానిలో సింగిల్. చివరిదాకా ఇలాగే వెళితే ఆఖరి గొలుసులో సింగిల్ పడుతుంది, మొత్తం 15 సింగిల్స్. రెండో వరసకు రెండు గొలుసులు వేసి తిప్పి, మొదటి సందులో సింగిల్, ఒక గొలుసు, తర్వాతి సందులో సింగిల్. ఆఖరి సింగిల్ మాత్రం అంచున ఉన్న తిప్పుడు గొలుసుల కింద ఉన్న పెద్ద సందులో పడాలి. మర్చిపోయేది ఆ సందునే. మళ్లీ 15 రావాలి. పైన వరసలన్నీ రెండో వరసలాగే.

గుడ్డ సైజు ఇరవై సెంటీమీటర్లు దాటించకండి, పెద్దది పిండటం కష్టం. ఒక మూలలో 10 గొలుసులు వేసి అదే మూలకు స్లిప్ స్టిచ్‌తో (దారాన్ని కుట్టులోంచీ హుక్ మీది ఉచ్చులోంచీ ఒకేసారి లాగి) కలిపితే కొక్కేనికి తగిలించుకునే ఉచ్చు అవుతుంది. పంపు మీద ముద్దగా వేయకుండా దానితో వేలాడదీయండి. ఆరేడు గుడ్డలు అల్లుకుని రోజుకొకటి మార్చండి. పచ్చి చికెన్, చేపలు పెట్టిన గట్టుకు వేరే రంగు గుడ్డ ఉంచి, వాడగానే మరిగించండి.

ప్రశ్న: పసుపు మరక మీద సబ్బు రుద్దితే ఎర్రగా మారింది. గుడ్డ పాడైనట్టేనా? మా బోరు నీళ్లకు గుడ్డ గట్టిగా కూడా అవుతోంది. (ఉప్పల్)

పాడవలేదు. పసుపులోని కుర్కుమిన్‌కు క్షారం తగిలితే ఎర్రబడుతుంది, సబ్బు క్షారమే. బాగా జాడిస్తే మళ్లీ పసుపు రంగులో కనిపిస్తుంది. ఆ పసుపు రంగును పోగొట్టేది ఎండ. తడిగా ఉండగానే నేరుగా ఎండలో ఆరేయండి, ఒకటి రెండు ఎండలకు వెలిసిపోతుంది.

బోరు నీళ్లలోని ఖనిజాలు సబ్బుతో కలిసి తెట్టుగా పోగుల మీద పేరుకుంటాయి. గట్టిపడటానికి అదే కారణం. ఈ గుడ్డలకు సబ్బు బిళ్ల బదులు డిటర్జెంట్ పొడి వాడండి. నెలకోసారి, లీటరు నీటిలో అర కప్పు తెల్ల వెనిగర్ కలిపి గంటసేపు నానబెట్టి జాడిస్తే మెత్తబడుతుంది. వెనిగర్‌ను బ్లీచ్‌తో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. బట్టలు మెత్తబరిచే కండిషనర్ వేస్తే పోగు మీద పూత పడి నీళ్లు పీల్చడం తగ్గుతుంది, అది వద్దు.

ప్రశ్న: నాలుగు ఉతుకులకే చివరి దారం బయటికొచ్చింది. ముడి వేసే కత్తిరించాను. (మెహదీపట్నం)

కాటన్‌లో ముడి నిలవదు, జారుతుంది. 15 సెంటీమీటర్ల దారం తోకలా వదిలి, మొద్దు మొన, పెద్ద కన్ను ఉన్న సూదితో కుట్ల లోపలి నుంచి నాలుగు సెంటీమీటర్లు ఒకవైపు తీయండి. ఒక పోగు దాటి వెనక్కి తిప్పండి. మూడోసారి పై వరసలోకి మళ్లించండి. ఒకసారి ఉతికి ఆరాక, కాటన్ కుదించుకుని పోగులు పట్టుకున్నాకే మిగిలిన తోక కత్తిరించండి.

ప్రశ్న: పాత టీషర్టులు పట్టీలుగా కత్తిరించి అల్లవచ్చా? మాడిన గిన్నెలకు ఏ కుట్టు మంచిది? (ఎల్.బి.నగర్)

టీషర్టు పట్టీకి 8 లేదా 10 ఎం.ఎం. హుక్ కావాలి. గుడ్డ బాగా మందంగా వస్తుంది, ఆరదు. గిన్నెలకు వద్దు. నూరు శాతం కాటన్ టీషర్టు అయితే వేడి గిన్నె కింద పెట్టుకునే చాపగా అల్లుకోండి. మాడిన అడుగును ఏ నూలు కుట్టూ వదిలించదు. రాత్రి నీళ్లు పోసి నానబెట్టి, పొద్దున్నే బీరపీచుతో రుద్దండి. అల్లినదే కావాలంటే కిరాణా కొట్టులో దొరికే జనపనార పురికొసను 6 ఎం.ఎం. హుక్‌తో అరచేయంత ముక్కగా సింగిల్ క్రోషేలో అల్లండి. మొదటి రెండు మూడు సార్లు నార రాలుతుంది, విడిగా కడిగాకే గిన్నెల మీద వాడండి. నాన్‌స్టిక్ పెనం మీద మాత్రం నూలు గుడ్డే వాడాలి.