అడ్వాన్స్ ఇచ్చే టైమ్‌కి భయమేస్తోంది

ప్రశ్న: అద్దెకిచ్చే ఇల్లు ఒకటి కొందామని రెండేళ్లుగా వీడియోలు చూస్తున్నా, లెక్కలేస్తున్నా, తీరా అడ్వాన్స్ ఇచ్చే టైమ్‌కి వెనక్కి తగ్గుతున్నానండీ. ఏం చేయమంటారు?

జవాబు: అప్పు చేసి కొంటున్నప్పుడు ఆమాత్రం భయం ఉండాలి లెండి. మీ డబ్బు 20 శాతం పెట్టి మిగతాది లోన్ తీసుకున్నారనుకోండి, ఇంటి రేటు 10 శాతం పడితే మీరు పెట్టినదాంట్లో సగం పోయినట్టే, పెరిగితే అంతే లాభం, అమ్మేవాళ్లు మాత్రం ఈ రెండో ముక్కే చెప్తారు! అందుకే ఏడాదిలో ఓ నెల ఇల్లు ఖాళీగా ఉంటుందనుకుని అద్దె 12 నెలలకి కాదు, 11 నెలలకే లెక్కేసి, అందులోంచి ఈఎంఐ, రిపేర్లు, పన్ను, ఇన్సూరెన్స్ తీసేసి ఏమన్నా మిగుల్తుందా చూడండి. మిగలకపోతే వదిలేయండి. మిగిలితే పత్రాలు లాయర్‌కి చూపించి, ఆరు నెలల ఈఎంఐ పక్కన పెట్టుకుని అప్పుడు అడ్వాన్స్ ఇవ్వండి. వీడియోలు ఇక చాలు, ఈ నెల్లో ఓ పది ఇళ్లు మీరే తిరిగి చూడండి.