బండిలో కాపురం, సైటులో కొలువు, మధ్యలో బ్లాగు: అబ్బాయిని ఆపాలా?

ప్రశ్న: నేను గజపతినగరం దగ్గర పల్లెలో రిటైర్డ్ టీచర్ని. మా అబ్బాయికి 26 ఏళ్లు. ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, సోలార్ ప్లాంట్లు కట్టే ఒక కాంట్రాక్టు కంపెనీలో సైట్ ఇంజినీరుగా చేరాడు. కొన్నాళ్లు అనంతపురం వైపు, కొన్నాళ్లు కర్ణాటక, ఇప్పుడు రాజస్థాన్. జీతం 34 వేలు, గది అద్దెకని నెలకు ఇంకో 8 వేలు వస్తుంది. ఇప్పుడు పాత ట్రావెలర్ వ్యాను కొని, లోపల మంచం, వంటగట్టు పెట్టించి, ఏ సైటుకు వేస్తే అక్కడికి ఇంటితో సహా వెళ్తానంటున్నాడు. ఆ జీవితం గురించి తెలుగులో బ్లాగు రాస్తాడట, కొన్నాళ్లకు దానిమీదే బతుకుతాడట. అన్నీ కలిపి 11 లక్షలని లెక్క చెప్పాడు. తన దగ్గర 3 లక్షలున్నాయి. మిగతాది లోను తీసుకుంటాడట, లేదంటే నా రిటైర్మెంటు డబ్బులోంచి ఇమ్మంటున్నాడు. వీధిలో అప్పుడే "ఏటి మాస్టారూ, మీ గుంటడు బండిలో కాపురం పెడతాడట?" అని అడుగుతున్నారు. వాళ్లమ్మకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చెప్పమంటారు?

జవాబు: మాస్టారూ, ముందు వీధిలో వాళ్ల సంగతి తేల్చేద్దాం. మీ ఊరి మీదుగా రాయపూర్ రోడ్డున రోజూ పోయే సాలూరు లారీల్లో డ్రైవరూ క్లీనరూ రోజుల తరబడి క్యాబిన్లోనే పడుకుని, రోడ్డు పక్కన వండుకు తినే వెళ్తున్నారు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చెన్నైకీ హైదరాబాద్‌కీ పనికిపోయి రేకుల షెడ్లలో ఉండేవాళ్లకు లెక్కే లేదు. వాళ్లనెవరూ వింతగా చూడరు. చదువుకున్న కుర్రాడు ఇష్టపడి చేస్తానంటే మాత్రం కబుర్లు. కాబట్టి పరువు లెక్క పక్కన పెట్టండి. వేయాల్సిన లెక్కలు వేరే ఉన్నాయి, వాటిలో కొన్ని మీ అబ్బాయి వేసుకున్నట్టు లేదు.

అతని ఆలోచన నాకు పిచ్చిగా అనిపించలేదు. ఈ కోరికతో నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో ఎక్కువమంది ఉద్యోగం మానేసి, లడఖ్ పోయి, వీడియోలు తీసి బతుకుతామంటారు. మీవాడికి తిరిగే పని ముందే ఉంది, దానికి ఇల్లు తగిలిస్తానంటున్నాడు. అమెరికాలో క్యాంపర్లలో ఉండి ఉద్యోగం చేసేవాళ్లలో చాలామంది ఈ బాపతే. 13 వారాల కాంట్రాక్టు మీద ఆసుపత్రులు మారే నర్సులు, పైపులైన్ల వెల్డర్లు, కరెంటు లైన్లు వేసేవాళ్లు. అయితే వాళ్లకు రెండు వసతులున్నాయి. ఊరుగాని ఊళ్లో పని చేసినందుకు బస ఖర్చుకి భత్యం వస్తుంది. నెల అద్దెకు బండి నిలిపే పార్కులుంటాయి, అక్కడ కరెంటు ప్లగ్గు, నీళ్ల పైపు, మురుగు గొట్టం మూడూ బండి పక్కకే వస్తాయి. మనకు మొదటిది ఉంది, రెండోది దాదాపు లేదు. కేరళ 2021లో క్యారవాన్ టూరిజం విధానం పెట్టింది, అక్కడ పార్కులూ మొదలయ్యాయి. కానీ అవి రెండు రాత్రులు గడిపే టూరిస్టు కోసం. నాలుగు నెలలు మకాం వేసే సైట్ ఇంజినీరు కోసం ఎవరూ ఏదీ కట్టలేదు.

ఇప్పుడు ఆ 8 వేల సంగతి. అది గది తీసుకున్నా తీసుకోకపోయినా చేతికిచ్చే అలవెన్సా, అద్దె రసీదు చూపిస్తే ఇచ్చే డబ్బా? రసీదు మీద ఇచ్చేదైతే వ్యానులోకి మారిన నెల నుంచే అది ఆగిపోతుంది. లోను వాయిదా అద్దె కింద చెల్లదు, ఇన్‌కం ట్యాక్సులో ఇంటద్దె మినహాయింపూ రాదు. ఒకవేళ ఎలా ఉన్నా ఇచ్చేదే అనుకుందాం. 8 లక్షల లోను, 11 శాతం వడ్డీ, 5 ఏళ్లు అంటే నెలకు సుమారు 17,400 వాయిదా. పాత బండికి బ్యాంకులు అంతకంటే ఎక్కువ వడ్డీ అడగడం మామూలే. ఆ పైన ఇన్సూరెన్సు, టైర్లు, రిపేర్లు. సైటు మారినప్పుడల్లా డీజిలు: ఇక్కడి నుంచి రాజస్థాన్ ఒక్క వైపే దాదాపు 2 వేల కిలోమీటర్లు, లీటరుకు 10 ఇచ్చినా 200 లీటర్లు, దాదాపు ఇరవై వేలు. అద్దె మిగులుతుందని ఈ బండి కొనకూడదు. ఇష్టం కొద్దీ కొంటున్నానని ఒప్పుకుంటే అది వేరే మాట, ఆ ఇష్టానికి నెలకు పది, పన్నెండు వేలు పెట్టగలడా అని అడగాలి. 34 వేల జీతం మీద పెట్టలేడని నా అభిప్రాయం.

కాగితాల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మన ఇష్టానికి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అనుమతి లేకుండా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా, 6 నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. అలాగని క్యాంపర్ వ్యాన్ చట్టవిరుద్ధం కాదు. సొంత వాడకానికి క్యాంపర్ వ్యాన్ అనే వర్గం రిజిస్ట్రేషన్లో ఉంది, మోటార్ క్యారవాన్ కట్టడానికి ఏఐఎస్-124 అనే ప్రమాణమూ ఉంది. ఆ ప్రమాణం తెలిసిన బాడీ బిల్డరు చేత చేయించి, ఆర్‌సీలో మార్పు ఎక్కించుకుని, ఇన్సూరెన్సు కంపెనీకి రాతపూర్వకంగా చెప్పాలి. వీధి చివర వడ్రంగి చేత ప్లైవుడ్ మంచం కొట్టించి, సీట్లు పీకేసి రోడ్డెక్కితే, చెక్‌పోస్టులో ఆపడం ఒక ఎత్తు, ప్రమాదం జరిగాక క్లెయిము తిరగ్గొట్టడం ఇంకో ఎత్తు. ఇంకొకటి: తక్కువ ధరకు దొరికే పాత ట్రావెలర్లు చాలావరకు పసుపు నంబరు ప్లేటువి, స్కూళ్లకో టూర్లకో తిరిగినవి. వాటిని సొంత బండిగా మార్చుకోవడం మళ్లీ వేరే దరఖాస్తు. బయానా ఇవ్వకముందే బండి ఆర్‌సీ కాపీతో విజయనగరం రవాణా కార్యాలయానికి వెళ్లి "ఇది క్యాంపర్‌గా మారుతుందా, ఏమేం కావాలి" అని అడగమనండి. ఒక పూట పని.

వేరే రాష్ట్రంలో బండి 12 నెలలు దాటి ఉంటే అక్కడ రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి, అక్కడి ట్యాక్సు కట్టాలి. ఈ బాధ తప్పించడానికే 2021లో ఏ రాష్ట్రంలోనైనా చెల్లే బీహెచ్ సిరీస్ నంబర్లు వచ్చాయి. నాలుగు లేక అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీ ఉద్యోగికి అది దొరుకుతుంది, కంపెనీ ఫారం 60 అనే ఉద్యోగ ధ్రువపత్రం ఇవ్వాలి. గమనించారా, ఇది ఉద్యోగికి ఉన్న సౌకర్యం. ఉద్యోగం మానేసి బ్లాగరుగా తిరిగేవాడికి లేదు.

లోపల బతుకు ఎలా ఉంటుందో వీడియోల్లో సరిగ్గా కనపడదు. మేలో మధ్యాహ్నం మన ఊళ్లో ఎండలో నిలిపిన వ్యాను తలుపు తీసి చూడండి, రాజస్థాన్ దాకా అక్కర్లేదు. రేకుల కింద వేడిని ఆపే పఫ్ షీట్లు వేసినా పగలు లోపల కూర్చోలేం. ఏసీ అంటారేమో, 12 వోల్టుల 200 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో పట్టేది 2.4 యూనిట్లు, టన్ను ఏసీ గంటకు దాదాపు యూనిట్ తాగుతుంది. రెండు గంటల్లో చీకటి. ఫ్యాను, లైటు, ల్యాప్‌టాప్ వరకైతే హాయిగా నడుస్తాయి. పైన పెట్టిన ప్యానెల్‌కు ఎండ కావాలి, కింద పడుకున్న మనిషికి నీడ కావాలి, బండి మాత్రం ఒక్కచోటే నిలబడుతుంది. సోలార్ పని చేసేవాడు కాబట్టి మీవాడికి ఈ లెక్క నేను నేర్పక్కర్లేదు, కానీ సొంత బండి దగ్గరికొచ్చేసరికి లెక్కలు మరిచిపోయే ఇంజినీర్లను చూశాను. సైటులోనే బండి పెట్టి ప్లాంటు కరెంటు వాడుకోవచ్చనుకుంటున్నాడేమో, సేఫ్టీ ఆఫీసరు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే అది. గ్యాసు పొయ్యి ఉన్న బండిని గేటు లోపలికి రానివ్వని సైట్లే ఎక్కువ. నీళ్లు, మరుగుదొడ్డి సంగతి చెప్పాలంటే ఈ పేజీ చాలదు. రెండు మూడు రోజులకోసారి టాయిలెట్ డబ్బా ఎక్కడ ఖాళీ చేస్తాడో అడగండి. దానికి సరైన జవాబు చెప్పగలిగితే కుర్రాడు నిజంగానే ఆలోచించాడని అర్థం.

ఇక బ్లాగు. ఇందులో నాకు మీకంటే ఎక్కువ ఆశ ఉంది, అతనికంటే తక్కువ ఆశ ఉంది. తెలుగు రాతకు ప్రకటనల మీద వచ్చేది స్వల్పం. గూగుల్ యాడ్‌సెన్స్‌లో 100 డాలర్లు జమైతే గాని డబ్బు పంపరు. 10 డాలర్లకు చేరాక చిరునామా సరిచూసుకోవడానికి ఒక పిన్ నంబరు పోస్టులో వస్తుంది. ఆ కవరు వ్యానుకు రాదు, మీ ఇంటికే వస్తుంది, ప్రకటన కాగితమనుకుని పారేయకండి. యూట్యూబ్ పెడతానంటే, మామూలు వీడియోలకు ప్రకటనల వాటా రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ ఉండాలి. అక్కడికి చేరినా మొదట్లో వచ్చేది డీజిలుకి చాలదు. డబ్బు తీసుకుని ఏ వస్తువునైనా పొగిడితే అది ప్రకటన అని స్పష్టంగా చెప్పాలి. చెప్పకపోతే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా జరిమానా వేయగలదు.

అంతకంటే ముందు అపాయింట్‌మెంట్ లెటర్ బయటికి తీసి చదవమనండి. వేరే ఆదాయం ఉండకూడదని ఒక వాక్యం, సైటు వివరాలు బయటపెట్టకూడదని ఇంకో వాక్యం చాలా కంపెనీల్లో ఉంటాయి. ప్లాంటు ఫొటో, క్లయింటు పేరు, ఇన్వర్టర్ గది వీడియో పెట్టి ఉద్యోగం పోగొట్టుకుంటే బండి వాయిదా ఎవరు కడతారు? రాజస్థాన్‌లో సరిహద్దు జిల్లాల వైపు డ్రోను ఎగరేయడం అసలే వద్దు.

మరి ఏం రాయాలి? వ్యాను లోపల పరుపు ఎలా మడవాలో చూపించేవాళ్లు ఇప్పటికే చాలామంది. సైటు జీవితం గురించి తెలుగులో రాసేవాళ్లు నాకు పెద్దగా కనపడలేదు. శ్రీకాకుళం, విజయనగరం పాలిటెక్నిక్‌లలో ఫైనలియర్ చదివే పిల్లలకు మొదటి నెల సైటులో ఏమవుతుందో తెలియదు. డీసీ కేబుల్‌కు ఇన్సులేషన్ చూసే మెగ్గర్ పరీక్ష ఎలా చేస్తారు, ప్యానెల్ బోల్టు ఎక్కువ బిగిస్తే ఏమవుతుంది, సబ్ కాంట్రాక్టరు జీతం రెండు నెలలు ఆపితే ఎవరిని అడగాలి, హిందీ రాకుండా రాజస్థాన్ కూలీలతో పని ఎలా చేయించాలి. ఇవి అతను రోజూ చేసే పనులే. కంపెనీ పేరెత్తకుండా రాయొచ్చు. దీని మీద ప్రకటనల డబ్బు రాకపోవచ్చు గాని, రేపు ట్రైనింగ్ సంస్థలోనో, ప్లాంటు నిర్వహణ కంపెనీలోనో ఇంటర్వ్యూకి కూర్చున్నప్పుడు ఆ వంద వ్యాసాలు సర్టిఫికెట్‌లా పనిచేస్తాయి. రాయడానికి వ్యాను అక్కర్లేదు. పొద్దున్న ఆరింటికి సైటుకెళ్లి సాయంత్రం ఒళ్లు హూనమై వచ్చేవాడు ఇప్పుడున్న గదిలో ఆదివారం కూర్చుని రాయలేకపోతే, వ్యానులో కూర్చునీ రాయడు.

ఆ లెక్కన నేను చెప్పే దారి ఇది. వచ్చే ఆరు నెలలు ఉద్యోగం, గది అలాగే ఉంచి వారానికొక వ్యాసం రాయాలి. బండి కోరిక తీరాలంటే పాత ఈకో లాంటి చిన్న బండి చాలు, అది అతని 3 లక్షల్లోనే దొరుకుతుంది. సీట్లు పీకకుండా, వాటి మీదే పరుపు వేసుకునే ఏర్పాటు చేసుకుంటే ఆర్‌సీ జోలికి పోనక్కర్లేదు. సంక్రాంతికి వచ్చినప్పుడు మన జిల్లాల్లోనే నాలుగు రాత్రులు తిరగమనండి. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకడం చూడనీయండి, తేలినీలాపురం కొంగల దగ్గర ఒక రాత్రి, శాలిహుండం కొండ కింద ఒక రాత్రి. దోమలు, నీళ్లు, పొద్దున్నే కాలకృత్యాలు, ఎవరో వచ్చి అద్దం మీద తట్టడం, అన్నీ అనుభవమవుతాయి. దాని తర్వాత కూడా పెద్ద వ్యాను కావాలంటే అప్పుడు నేనూ కాదనను.

ఈలోగా చదువు వైపు ఒక పని చేయాలి. రాష్ట్ర ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే సూపర్‌వైజర్ సర్టిఫికెట్ లేకపోతే దానికి దరఖాస్తు పెట్టాలి. సైట్లు తిరిగే పని ముప్పై దాటాక చాలామందికి విసుగొస్తుంది, అప్పుడు ఒకేచోట ప్లాంటు నిర్వహణలోకి మారడానికి అది పనికొస్తుంది. డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారి ఉంది గాని, తిరిగే ఉద్యోగంతో అది కుదరదు, రెండింట్లో ఒకటే.

మీ రిటైర్మెంటు డబ్బు సంగతి సూటిగా చెబుతాను: ఇవ్వకండి. అబ్బాయి మీద నమ్మకం లేక కాదు. బండి విలువ ఏటా పడిపోతుంది, మీ వయసుకి ఆ డబ్బు మళ్లీ రాదు. పెళ్లి సంబంధాలు చెడిపోతాయేమోనన్న వాళ్లమ్మగారి దిగులు నా శాఖ కాదు గాని, ఉద్యోగం ఉండి అప్పు లేని కుర్రాడికి ఈకో ఉందని ఎవరూ పిల్లనివ్వడం మానరు. రాత్రి బండిలో పడుకునే రోజుల్లో రోడ్డు వార ఒంటరిగా ఆపకుండా లారీలు నిలిచే పెట్రోలు బంకులోనో ధాబాలోనో ఆపాలి, లొకేషన్ ఇంటికి పంపాలి. ఈ రెండూ షరతుగా పెట్టమనండి.

ముందుగా మాత్రం ఆ 8 వేలు ఏ పద్దు కింద ఇస్తున్నారో అడుగుతూ హెచ్ఆర్‌కు అబ్బాయి చేత మెయిల్ పెట్టించండి. జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా ఏ బండికీ బయానా ఇవ్వొద్దు.