లైనర్లు మార్చే వేళ

చిరంజీవి మేనల్లుడికి,

మిర్యాలగూడ మిల్లుల బియ్యం ఎత్తుకొని దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం దారిలో లారీ నడుపుతున్నావని మీ అమ్మ చెప్పింది. దోమలపెంట దాటాక డ్యాం దాకా దిగే ఘాటు నీకు తెలిసిందే కనుక, చక్రంతో తిరిగే డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకొని బండిని ఆపే పట్టీలు, అదే బ్రేకు లైనర్లు, ఎప్పుడు మార్చాలో వివరంగా రాస్తున్నాను.

చప్పుడు వచ్చేదాకా ఆగవద్దు. లైనరు పూర్తిగా అరిగి రివిట్ల తలలు డ్రమ్మును గీకడం మొదలైనప్పుడే ఆ గరగర వినిపిస్తుంది. అప్పటికి లైనర్ల ఖర్చుకు డ్రమ్ముల ఖర్చు కూడా తోడవుతుంది.

అంతకంటే ఎక్కువగా మోసపుచ్చేది స్లాక్ అడ్జస్టరు, అంటే లైనరుకూ డ్రమ్ముకూ మధ్య ఎడం సరిచేసే మీట. దాన్ని బిగించిన వెంటనే బ్రేకు మళ్లీ చురుగ్గా పట్టడం వల్ల అంతా సరిపోయిందని డ్రైవరు నమ్ముతాడు గాని, లోపల లైనరు మందం వెంట్రుకవాసి కూడా పెరగదు. అరిగిన లైనర్లతో అలా బిగిస్తూ పోతే లైనర్లు బిగించి ఉండే షూలను డ్రమ్ము వైపు నెట్టే కామ్ తిరగవలసిన హద్దు దాటి, ఆ షూలు ఇరుక్కుపోయే ప్రమాదం ఉంది. అందువల్ల ఎవరైనా అడ్జస్టరు బిగించిన ప్రతిసారీ లైనరు మందం కూడా చూపించమని పట్టుబట్టు. నీ బండికి ఆటోమేటిక్ అడ్జస్టర్లే ఉండి కూడా తరచూ చేత్తో బిగించవలసి వస్తుంటే, లోపం మరెక్కడో ఉన్నట్టు లెక్క.

చూసే పద్ధతి కష్టమైనదేమీ కాదు. బండిని సమతలంలో నిలిపి, చక్రాలకు ముందూ వెనుకా దిమ్మెలు పెట్టి, ఆ తరువాతే హ్యాండ్ బ్రేకు వదిలి, డస్ట్ కవరు రంధ్రంలోంచి టార్చి వేసి పై షూనూ కింది షూనూ విడివిడిగా చూడు. లైనరు అంచున అరుగుదల గుర్తు ఉంటే అదే హద్దు. లేకపోతే, కంపెనీ పుస్తకం వేరే కొలత చెప్పనంతవరకు, షూ నడుమ 6 మిల్లీమీటర్లకు తగ్గకముందే మార్చెయ్యడం నా పద్ధతి. గాలి ఒత్తిడితో బ్రేకును నడిపే చాంబరు దగ్గర, దానిలోంచి బయటికి వచ్చే కడ్డీ (పుష్‌రాడ్) మీద సుద్దతో గీత గీసి, క్లీనరుతో పెడలు తొక్కించి, గీత ఎంత బయటికి వస్తుందో కూడా కొలువు. రెండు వైపులా ఆ కొలత చాలా తేడాగా ఉంటే మెకానిక్‌కు చూపించకుండా లోడు ఎత్తవద్దు.

మందం మిగిలి ఉన్నా మార్చవలసిన సందర్భాలున్నాయి. హబ్బు సీలు కారి నూనెలో నానిన లైనరు తుడిచినా పనికిరాదు. పగుళ్లు వచ్చినవి, రివిట్ల దగ్గర పెచ్చులూడినవి కూడా అంతే. బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగినా, ఒక్క చక్రమే మిగతావాటికంటే బాగా కాలుతున్నా అదే రోజు విప్పించు.

ఇన్ని కిలోమీటర్లకు మార్చాలనే లెక్క మీద ఆధారపడకు. విజయవాడ హైవే మీద ఖాళీగా తిరిగే బండికీ, లోడుతో ఘాట్లు దిగే బండికీ అరుగుదలలో పోలికే లేదు.

మార్చేటప్పుడు ఒక యాక్సిల్‌కు రెండు వైపులా ఒకే రకం వేయించు, రిటర్న్ స్ప్రింగులూ రోలర్లూ చూపించు, డ్రమ్ములో పగుళ్లున్నాయేమో వెతికించు. డ్రమ్ములోని దుమ్మును గాలి కొట్టి ఎగరగొట్టనివ్వకుండా తడిగుడ్డతో తుడిపించు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, అది ఊపిరితిత్తులకు హాని. కొత్త లైనర్లు డ్రమ్ముకు సర్దుకునేదాకా తేలిక లోడ్లతో చదును రోడ్డు మీదే తిరుగు, ఆపైన అడ్జస్ట్‌మెంటు మరొకసారి చూపించుకొని ఘాటు ఎక్కు.

ఆశీస్సులతో,
నీ మేనమామ