గుండె ఆగినప్పుడు చేసే ఇంజెక్షన్‌తో మనిషి బతుకుతాడా?

పదకొండేళ్లుగా క్యాజువాల్టీలో స్టాఫ్ నర్సుని. నన్నడిగితే బతికించేది ముందు ఛాతీ నొక్కే చేతులు, తర్వాత కరెంటు షాకు. ఇంజెక్షన్ సంగతి ఆ తర్వాతే.

ఓ రాత్రి రెండు దాటాక ఒక పెద్దాయన్ని కొడుకులిద్దరూ ఆటోలో తెచ్చారు. ఇరవై నిమిషాల దారి. ఒకడు కాళ్లు రుద్దాడట, ఇంకొకడు నోట్లో నీళ్లు పోశాడట, ఛాతీ మాత్రం ఎవరూ నొక్కలేదు. మానిటర్‌లో గీత తిన్నగా ఉంది, అంటే గుండెలో కదలికే లేదు. అలాంటప్పుడు షాకు పనికిరాదు, ఛాతీ నొక్కుతూ మూడు నుంచి అయిదు నిమిషాలకోసారి అడ్రినలిన్ అనే ఇంజెక్షన్ ఒక మిల్లీగ్రాము ఎక్కించడమే. వెనకాలే ఇరవై ఎంఎల్ సెలైన్ తోసి చెయ్యి పైకెత్తి పట్టుకోవాలి, లేకపోతే మందు చేతిలోనే ఉండిపోతుంది. హడావిడిలో ఆంప్యూల్ (మందుండే చిన్న గాజు సీసా) మెడ విరిచేసరికి నా వేలు తెగింది. ఈ మధ్యలో పెద్ద డాక్టరుగారు ఫోన్లో "అట్రోపిన్ కూడా వెయ్యండి" అన్నారు. గుండె వేగం పెంచే ఆ మందుని ఇలాంటి కేసులకి 2010లోనే గైడ్‌లైన్స్‌లోంచి తీసేశారు సార్ అని ఆయనకి చెప్పేదెవరు!

ఎనిమిది ఆంప్యూల్స్ అయ్యాయి. పెద్దకొడుకు కర్టెన్ పక్కకి లాగి, "ఇంకో ఖరీదైన ఇంజెక్షన్ ఉంటుందటగా సిస్టర్, ఎంతైనా కడతాం" అన్నాడు. అతను విన్నది అమియోడరోన్ గురించి అయ్యుంటుంది. అది గుండె గజగజ వణుకుతూ మూడు షాకులకీ లొంగనప్పుడు 300 మిల్లీగ్రాములు, తర్వాత కావాలంటే 150 చేస్తారు. తిన్నటి గీతకి దానితో పనిలేదు. సినిమాల్లో ఛాతీలో సూది గుచ్చగానే హీరో లేచి కూర్చుంటాడు చూడండి, మా దగ్గర సగం గొడవలు అక్కడే మొదలవుతాయి.

2018లో బ్రిటన్‌లో గుండె ఆగిన ఎనిమిది వేల మందిపై చేసిన అధ్యయనం వచ్చింది. నెల తర్వాత బతికున్నవాళ్లు అడ్రినలిన్ ఇస్తే వందకి 3.2 మంది, ఉత్తి సెలైన్ ఇస్తే 2.4. అంతే తేడా. పైగా అడ్రినలిన్‌తో బతికినవాళ్లలోనే మెదడు బాగా దెబ్బతిన్నవాళ్లు ఎక్కువ. అందుకని మానేయమనడం లేదు, మేమూ ఇస్తూనే ఉన్నాం.

చివరికి కేస్ షీట్లో 'తెచ్చేటప్పుడు సీపీఆర్', అంటే ఛాతీ నొక్కడం, అన్నచోట 'లేదు' అని రాస్తుంటే చిన్నకొడుకు తొంగిచూసి "అదేంటి సిస్టర్?" అన్నాడు.

"ఏం లేదు తమ్ముడూ, ఫార్మాలిటీ" అన్నాను.